మా అత్తకు మాటలు రాని నెలన్నర

పద్నాలుగేళ్ళ వయసులో సిగ్గు సరైన చోట పుట్టదు. పడాల్సిన చోట పడం, అక్కర్లేని చోట మాత్రం చచ్చేంత పడతాం. ఆ రోజుల్లో నాకు మా ఇంటి వాసనంటే సిగ్గు, నాన్న కట్టే గళ్ళ లుంగీ అంటే సిగ్గు, మా అత్త గొంతంటే అన్నిటికన్నా సిగ్గు. అబద్ధం చెప్పడానికి మాత్రం ఏ సిగ్గూ ఉండేది కాదు. ఇప్పుడు అంతా తిరగబడింది. ఉద్యోగం చేసుకుంటూ, నలుగురిలో పద్ధతైన మనిషిగా చలామణీ అవుతున్న ఈ రోజుల్లో కూడా, ఏ బస్సులోనో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు ఆ నెలన్నర హఠాత్తుగా గుర్తుకొస్తుంది. చెవులు వేడెక్కుతాయి. పక్కవాళ్ళు ఎండేమో అనుకుంటారు. ఇది నవ్వుకోదగ్గ సంగతే, మీరు నిరభ్యంతరంగా నవ్వుకోవచ్చు. నాకు మాత్రం సగం దాకానే నవ్వు వస్తుంది.

మాది జువ్వలదిన్నె. బోగోలు దాటాక హైవే పక్కన, రొయ్యల గుంటలు పూడ్చిన చోట ఒక ఇంటర్నేషనల్ స్కూలు వెలిసింది. చుట్టుపక్కల పల్లెల పిల్లలకు పరీక్ష పెట్టి ముగ్గురికి ఉచితంగా సీట్లు ఇస్తామంటే రాశాను, వచ్చింది. అందులో ఇంటర్నేషనల్ ఎక్కడుందా అని మొదటి వారమంతా వెతికాను. కావలి వాళ్ళున్నారు, నెల్లూరు వాళ్ళున్నారు, ఇద్దరు ఒంగోలు వాళ్ళున్నారు. విదేశం అనదగ్గవాడు ఒక్కడే, మస్కట్‌లో పుట్టి రెండో తరగతికే తిరిగి వచ్చేసినవాడు. అందుకని అందరూ వాణ్ణి మస్కట్ అనే పిలిచేవాళ్ళు (వాడి అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు). పిల్లల్ని నాలుగు హౌసులుగా విడదీసి మహాసముద్రాల పేర్లు పెట్టారు. తరతరాలుగా సముద్రం మీద బతికిన ఇంటి నుంచి వెళ్ళిన నన్ను తీసుకెళ్ళి ఆర్కిటిక్ హౌసులో పడేశారు. నాలుగడుగుల లోతు స్విమ్మింగ్ పూల్ దగ్గర ఈత నేర్పడానికి ఇద్దరు మాస్టార్లు ఉండేవాళ్ళు. పది కిలోమీటర్ల అవతల ఉన్న అసలు సముద్రం వైపు మాత్రం పోకూడదని రూలు. సాయంత్రం పూట క్లబ్బులు. రోబోలు చేసే క్లబ్బు, వాదించుకునే క్లబ్బు, సమాజానికి సేవ చేసే క్లబ్బు. నేను మూడోదాంట్లో చేరాను, దానికి విడిగా ఏ సామానూ కొనక్కర్లేదని.

చేరిన మొదటి రోజే అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి నాన్నగారు ఏం చేస్తారో చెప్పమన్నారు. గ్రానైటు, హోటళ్ళు, ఆసుపత్రి అంటూ నా వంతు దాకా వచ్చింది. మా నాన్నకు మరో ఇద్దరితో కలిసి ఒక మోటారు పడవ ఉంది. "మెరైన్ బిజినెస్" అన్నాను. ఓడలా అని మస్కట్ అడిగాడు. చిన్నవే అన్నాను. అబద్ధం ఆడలేదనే అప్పటి నా నమ్మకం.

ఇక మా అత్త. నాన్నకు అక్క, మా పక్కిల్లే. ఇప్పుడంటే హార్బరు వచ్చి సిమెంటు గచ్చు మీద చేపల వేలం జరుగుతోంది గానీ, అప్పుడంతా ఇసుక మీదే. పడవలు ఒడ్డుకు రాగానే చేపల్ని కుప్ప పోసి వేలం పాట పాడేది అత్తే. ఆమె పాట ఎత్తుకుంటే ఐసు ఫ్యాక్టరీ దగ్గర టీ తాగుతున్న వ్యాపారులు గ్లాసులు దించి పరిగెత్తుకొచ్చేవాళ్ళు. ఇంట్లో ఉప్పు అయిపోయిందని ఆమె మామూలుగా అంటే చాలు, మూడిళ్ళ అవతల నుంచి ఎవరో ఒకరు ఉప్పు పంపించేవాళ్ళు. అంత గొంతు ఉన్న మనిషిని నేను మూగదాన్ని చేశాను. అది ఎలా జరిగిందంటే, స్కూల్లో గ్లోబల్ డే వచ్చింది.

ఒక్కో తరగతికి ఒక్కో దేశం. చీటీ తీస్తే మాకు పోర్చుగల్ పడింది. ఆ దేశపు వంట ఒకటి ఇంటి దగ్గర చేయించి తేవాలి, చేసినవాళ్ళే ఆ దేశపు వేషంలో బల్ల దగ్గర నిలబడి వడ్డించాలి. కంప్యూటర్లో వెతికితే చేపలు, ఉల్లిపాయలు, టమాటాలు వేసి చేసే కల్దెరాడా అనే కూర తేలింది. బొమ్మలో అచ్చం మా చేపల పులుసులాగే ఉంది. మా తరగతిలో సగం మంది ఇళ్ళలో చేప ముట్టరు, మిగతా సగం అమ్మలు ఆ వాసనతో స్కూలుకు రామన్నారు. ప్రిన్సిపాల్ మేడమ్ దిగులుగా నిలబడింది. బెంగళూరు నుంచి వచ్చినావిడ, చాలా మంచిది, ఊరికే కళ్ళు చెమ్మగిల్లేవి. ఆవిడ దిగులు చూడలేక చెయ్యెత్తాను. మా ఇంట్లో వంటావిడ చేస్తుంది మేడమ్ అన్నాను. మా అత్త మా ఇంట్లో అప్పుడప్పుడు వంట చేసే మాట నిజమే కదా అని మనసులో సర్దుకున్నాను.

అత్త మాత్రం ఎగిరి గంతేసింది. మంచి వంజరం చేప తెస్తానంది, పుల్ల మామిడికాయ వేస్తానంది. ఆ కూర పేరేందిరా అని అడిగింది.

"కల్దెరాడా."

"యెవుడు రాడంటా?"

ఎవడూ రాకపోవడం కాదు, కూర పేరే అది అని నాలుగుసార్లు చెప్పాను. ఆ తర్వాత అసలు విషయానికి వచ్చాను. ఆమె నోరు తెరిస్తే పోర్చుగల్ నిమిషంలో జువ్వలదిన్నె అయిపోతుంది. వంటావిడ కాదు అత్త అని తేలుతుంది, మెరైన్ బిజినెస్ సంగతి కూడా బయటపడుతుంది. ఇవేవీ చెప్పకుండా, "ఆడ మాత్రం నువ్వు మాట్లాడబాకత్తా. పోర్చుగల్లో తెలుగు రాదు కదా. నవ్వితే చాలు" అన్నాను.

ఆమె కాసేపు ఆలోచించింది. నాటకంలో యేషం మాదిరన్నమాట అంది. తర్వాత నా తల మీద చెయ్యి పెట్టి, "సరేలే నాయనా, గమ్మునుంటా. నీ బడి, నీ మర్యాద" అంది. ఆ మాటతోనే నాకు సిగ్గు రావాల్సింది. రాలేదు.

గ్లోబల్ డే నాడు మా పోర్చుగల్ చూడ్డానికి బాగానే ఉంది. అత్తకు చీర మీదే నల్ల గౌను తొడిగి, తలకు ఎర్రగుడ్డ కట్టి నిలబెట్టారు. ముక్కుపుడక తీయనివ్వలేదు కాబట్టి దాన్ని అలాగే వదిలేశారు. మూత తీయగానే పులుసు వాసనకు ఇటలీ, జపాను బల్లల దగ్గరి జనం మొత్తం మా దగ్గరికి వచ్చేశారు. పోర్చుగల్లో మామిడికాయలు కాస్తాయా అని మస్కట్‌కు సందేహం వచ్చింది గానీ, రెండో ముక్క నోట్లో పడ్డాక దాన్ని మర్చిపోయాడు. అత్త గరిటె పట్టుకుని అందరికీ వడ్డిస్తూ నవ్వుతూనే ఉంది. పొద్దున్నించి ఒక్క మాట లేదు. గొంతు దాకా వచ్చిన మాటను ఆమె మింగుతున్నప్పుడల్లా మెడ మీది నరం కదలడం నాకు కనపడుతూనే ఉంది.

మధ్యాహ్నం ముఖ్య అతిథి వచ్చింది. కావలిలో చాలాకాలం వైద్యం చేసి మానేసిన పెద్ద డాక్టరమ్మ. పులుసు రుచి చూసి, కళ్ళు మూసుకుని, ఇది మన పులుసు కదమ్మా అంది. మామిడికాయ ముక్కలు చెదరకుండా ఎప్పుడు వేశారని అత్తనే అడిగింది. వంట సంగతి అడిగితే గంట సేపు చెప్పగల మనిషి మా అత్త. అయినా నోరు విప్పలేదు, నవ్వింది. డాక్టరమ్మ మళ్ళీ అడిగింది. అత్త మళ్ళీ నవ్వింది. అప్పుడావిడ ముఖంలో ఏదో అర్థమైనట్టు ఒక మెత్తదనం వచ్చింది. నా వైపు వంగి, గొంతు తగ్గించి, మాటలు రావా బాబూ, పుట్టుకతోనేనా అని అడిగింది.

కాదని చెప్పడానికి నాకు బోలెడంత సమయం ఉంది. నాటకమండీ అని నవ్వేసినా సరిపోయేది. చుట్టూ మా తరగతి పిల్లలున్నారు, మేడమ్ ఉంది, మస్కట్ ఉన్నాడు.

"అవునండీ" అన్నాను.

అత్త అక్కడే, మూరెడు దూరంలో ఉంది. విన్నది. ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి, గొంతు మీద చెయ్యి పెట్టుకుని, మాటలు రావన్నట్టు తల అడ్డంగా ఊపింది. నా అబద్ధంలో సగం ఆమె తన భుజాన వేసుకుంది.

అప్పుడు కూడా నాకు హమ్మయ్య అనిపించిందే తప్ప మరేమీ అనిపించలేదని రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు. కానీ నిజం అదే.

సాయంత్రం స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పారు. మేడమ్ ఇంగ్లీషులో మాట్లాడుతూ రెండుసార్లు కళ్ళు తుడుచుకుంది. ఇలాంటివాళ్ళకు చప్పట్లు కొట్టకూడదని, రెండు చేతులూ పైకెత్తి ఆడించాలని పిల్లలకు అప్పటికప్పుడు నేర్పింది (అది చెవులు వినపడనివాళ్ళ కోసం చేసే పద్ధతి, మా అత్త చెవులకేమీ ఢోకా లేదని ఎవరికీ తట్టలేదు). మైదానం మొత్తం చడీచప్పుడూ లేకుండా చేతులు ఊపింది. అత్త కాసేపు తెల్లబోయి చూసి, శాలువా జారిపోకుండా భుజంతో నొక్కిపెట్టి, తను కూడా రెండు చేతులూ ఎత్తి ఊపింది. షేర్ ఆటోలో తిరిగి వస్తుంటే బిట్రగుంట రైలు గేటు దాటేదాకా నోరు విప్పలేదు. నేను తిట్ల కోసం సిద్ధపడి కూర్చున్నాను. ఆమె మాత్రం, వాళ్ళు చేతులెందుకు ఊపినారని ఒక్కటే అడిగింది. పోర్చుగల్లో చప్పట్లు అట్టానే కొడతారని చెప్పాను.

కథ ఇక్కడితో ఆగినా కొంత నయంగా ఉండేది. మేడమ్ మంచితనం ఆగనివ్వలేదు. మా సేవా క్లబ్బు పిల్లలందరూ సైగల భాష నేర్చుకోవాలని నిర్ణయించింది. మాస్టారు దొరికేదాకా నేర్పేది ఎవరు? ఇంట్లో అనుభవం ఉన్నవాణ్ణి నేనే కదా. వారానికి రెండు సాయంత్రాలు ముప్ఫైమంది పిల్లలు నా ముందు కూర్చునేవాళ్ళు. నాకు సైగల భాషలో ఒక్క ముక్క రాదు. వచ్చినవల్లా పడవ మీదివాళ్ళకు, ఒడ్డు మీదివాళ్ళకు మధ్య నడిచే సైగలే. వాటికే కొత్త అర్థాలు కట్టి నేర్పాను. లంగరు వెయ్యి అనేది "బాగున్నారా" అయింది. వల లాగు అనేది "అన్నం తిన్నారా" అయింది. రెండు చేతులూ పైకెత్తి ఒక్కసారిగా ఎడమ పక్కకు తిప్పడం మా రేవులో "నేరుగా రావద్దు, పడవను పక్కకు తిప్పు" అనడానికి గుర్తు. చూడ్డానికి అందంగా ఉందని దాన్ని "ధన్యవాదాలు" చేశాను. పిల్లలు ఎంత శ్రద్ధగా నేర్చుకున్నారంటే, మస్కట్ అయితే అద్దం ముందు నిలబడి సాధన చేసేవాడట. నాకు అదో దర్జాగా ఉండేది.

నెలన్నర గడిచాక తీర గ్రామాల సందర్శన అన్నారు. ఏ ఊరైతే బాగుంటుందని అడిగితే వాకాడు వైపు సముద్రం చాలా బాగుంటుంది మేడమ్ అన్నాను. అంత దూరం ఎందుకు, మీ ఊరే పక్కన ఉందిగా అంది ఆవిడ. శనివారం అనుకున్నారు. ఆ పొద్దు అత్తను ఏదో సాకుతో కావలి పంపించేయాలని పథకం వేసుకున్నాను. తీరా బస్సు శుక్రవారమే దొరికిందని శుక్రవారమే బయల్దేరదీశారు. నా సాకు నాలోనే ఉండిపోయింది.

సరుగుడు తోపు దగ్గర బస్సు దిగేసరికే అత్త గొంతు వినపడుతోంది. ఎంత బలమైన గొంతో, ఎవరిదది అని మేడమ్ ఆశ్చర్యపోయింది. మైకు పెట్టుంటారు మేడమ్ అన్నాను. పడవల సందుల్లోంచి ఇసుక మీదికి వచ్చాం. అత్త చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, మంచి వంజరాల కుప్ప ముందు నిలబడి పాట పాడుతోంది. చుట్టూ వ్యాపారుల గుంపు, పాడేది ఎవరో మేడమ్‌కూ పిల్లలకూ ఇంకా కనపడలేదు. పాట పైపైకి పోతోంది. అంతలో ఆమె తలెత్తి మా క్లబ్బు ఎర్రచొక్కాల పిల్లల్ని, వాళ్ళ మధ్య నన్ను చూసింది.

నోరు మూసుకుంది. సగం మాట మీద.

ఏందక్కా, పాడవేంది అని వ్యాపారులు అడుగుతున్నారు. ఆమె వేళ్ళు చూపించబోయింది, అది ఎవరికీ అర్థం కాలేదు. పాట ఆగిన ధరకే ఆ కుప్పను ఒకాయన ఎత్తుకుని పోయాడు. ఇంకా చాలా పైకి పోవాల్సిన కుప్ప. ఆ పొద్దు తెల్లారకముందే వేటకు వెళ్ళిన ఎవరి కష్టమో అది. నాకిచ్చిన మాట కోసం ఆమె దాన్ని అలా వదిలేస్తుంటే మొదటిసారి నాకు సిగ్గేసింది.

మేడమ్ మాత్రం అత్తను గుర్తుపట్టి సంబరపడిపోయింది. పాపం, వంటపనితో పాటు ఇక్కడ కూడా కష్టపడుతోందా అని ఆమె చేతులు పట్టుకుంది. పిల్లల్ని ఇసుక మీద రెండు వరసల్లో నిలబెట్టి, నేర్చుకున్నది చూపించమంది. ముప్ఫైమంది ఒక్కసారిగా చేతులు పైకెత్తి ఎడమ పక్కకు తిప్పారు. అత్తకు అర్థం కాలేదేమోనని మళ్ళీ తిప్పారు. మస్కట్ అయితే ఒక చిన్న పడవ ఎక్కి మరీ తిప్పాడు.

సరిగ్గా అప్పుడు అల విరిగే చోట మా నాన్న పడవ ఉంది. ఒడ్డు మీద ముప్ఫై ఎర్రచొక్కాలు ఒకే సైగ చేస్తుంటే అక్కడ ఏదో ప్రమాదం ఉందనే అనుకుంటాడు కదా మనిషి. నేరుగా వస్తున్న పడవను పక్కకు తిప్పాడు. పడవ అలకు అడ్డం పడింది. వెనక నుంచి పెద్ద అల లేస్తోంది. నాకు నోరు పెగల్లేదు. నిజంగా మూగవాణ్ణి అయింది నేనే.

"తిప్పబాకురా! నేరుగా రా, నేరుగా!"

ఆ గాలిలో, ఆ హోరులో అంత దూరం వెళ్ళగల గొంతు మా తీరంలో ఒక్కటే ఉంది. మేడమ్ చేతుల్లోంచి చేతులు లాక్కుని అత్త నీళ్ళ దాకా పరిగెత్తుతూ అరిచింది. నాన్న విన్నాడు. పడవ తలను మళ్ళీ ఒడ్డుకు తిప్పాడు. అల సగం పడవలోకి వచ్చింది, ఐసు పెట్టె, దాంతో పాటు ఆ రోజు పడిన చేపల్లో చాలావరకు సముద్రంలోకి పోయాయి. మనుషులు మాత్రం మిగిలారు.

ఆ తర్వాత జరిగింది నేను కలలో కూడా ఊహించనిది. మేడమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. మాటలొచ్చాయి, మాటలొచ్చాయి అని పిల్లలు గంతులేస్తున్నారు. మన ధన్యవాదాల వల్లే వచ్చాయని మస్కట్ అందరికీ చెబుతున్నాడు. మేడమ్ నా భుజాలు పట్టుకుని, ఆమె మాట్లాడటం జీవితంలో ఇదే మొదటిసారి కదా అని అడిగింది. అవునంటే చాలు. అద్భుతం జరిగిపోయినట్టే, నేను బయటపడినట్టే. అత్త మోకాలి లోతు నీళ్ళలో నిలబడి నా వైపే చూస్తోంది. ఆమె చెయ్యి అప్పటికే మెల్లగా గొంతు దగ్గరికి లేస్తోంది. నేనేం చెబితే దానికి తగ్గట్టు నటించడానికి సిద్ధంగా ఉంది. ఆ చెయ్యి చూశాను. నీళ్ళోడుతూ పడవను పట్టుకుని నడిచి వస్తున్న నాన్నను చూశాను.

"మేడమ్, ఆమెకు మాటలొచ్చు. ఎప్పుడూ వచ్చు. మా అత్త. ఆ పడవ మా నాన్నది. సైగలన్నీ నేను కల్పించినవి" అన్నాను. గొంతు పీలగా వచ్చింది, మొదటిసారి సగమే వినపడిందని మళ్ళీ చెప్పమన్నారు. రెండోసారి చెప్పడం మొదటిసారి కన్నా కష్టం.

మేడమ్ నా భుజాల మీది చేతులు తీసేసింది. నాన్న దగ్గరికొచ్చి, సైగ ఎవరు నేర్పినారని అడిగాడు. నేనే అన్నాను. ఎందుకు నేర్పినావని అడిగాడు. ఆయన తడి లుంగీ పిండుకుంటూ, "నీళ్ళ మీద ఉండేవోడు ఒడ్డున ఉండేవోణ్ణి నమ్ముకోనే వొస్తాడ్రా" అని మాత్రం అని, పడవలో మిగిలిన చేపల్ని ఏరుకోవడానికి వెళ్ళిపోయాడు. కొట్టి ఉంటే బాగుండేదని చాలా రోజులు అనుకున్నాను.

సోమవారం ప్రార్థన సమయంలో అందరి ముందు నిలబడి మొత్తం చెప్పాను. పిల్లలు నేను భయపడినంత ఏమీ నవ్వలేదు. నాన్న వృత్తి గురించి ఎవరూ పట్టించుకోనే లేదు, పడవ ఎక్కిస్తావా అని మాత్రం నలుగురు అడిగారు. వాళ్ళ కోపమంతా నెలన్నర పాటు తప్పుడు సైగలు సాధన చేయించినందుకు. మస్కట్ మూడు వారాలు నాతో మాట్లాడలేదు. తర్వాత నెల్లూరు నుంచి నిజమైన సైగల మాస్టారు వచ్చారు. నన్ను మొదటి బెంచీలో కూర్చోబెట్టి అ ఆల నుంచి నేర్పించారు. మేడమ్ ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి, మిమ్మల్ని మూగవాళ్ళనుకున్నందుకు మన్నించమని మా అత్తనే అడిగింది. అత్త ఆవిడను కూర్చోబెట్టి, మామిడికాయ ముక్క చెదరకుండా ఎప్పుడు వెయ్యాలో గంట సేపు చెప్పింది.

ఇప్పుడు నా ఆఫీసువాళ్ళెవరైనా మా ఊరికి వస్తే మొదట అత్త ఇంటికే తీసుకెళ్తాను. ఈమె మా అత్త అని పరిచయం చేస్తాను. ఆ తర్వాత ఇంకెవరికీ మాట్లాడే అవకాశం ఉండదు. అన్నం వడ్డిస్తూ ఆమె ఈ కథ చెప్పి తీరుతుంది. వాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వుతారు. అయితే ఆమె చెప్పే కథ నేను చెప్పిన ఈ కథ కాదు. అందులో డాక్టరమ్మ తనంతట తానే పొరబడుతుంది, నేను "అవునండీ" అనను. ఒడ్డు మీద మేడమ్ అడక్కముందే నేను ముందుకొచ్చి, ఈమె మా అత్త అని గట్టిగా అందరికీ చెబుతాను. ఇన్నేళ్ళుగా వింటున్నాను, ఒక్కసారి కూడా ఆ చోట తడబడదు. కాదత్తా, అట్టా జరగలేదు అని చెబుదామని ప్రతిసారీ అనుకుంటాను. వచ్చినవాళ్ళు మెచ్చుకోలుగా నా వైపు చూస్తారు. నేను తల దించుకుని, చిన్నగా నవ్వుకుంటూ, గమ్మున అన్నం కలుపుకుంటాను.